కుడికాలి గోల్ చెల్లదు: రహీం సాబ్ ప్రాక్టీసు

కుడికాలి వాటం ఉన్నవాడు కుడికాలితో బంతిని ముట్టకూడదు. ఎదుటివాణ్ణి డ్రిబుల్ చేసి దాటకూడదు, బంతి వచ్చిందంటే పాస్ ఇవ్వాల్సిందే. హైదరాబాదు కుర్రాళ్ల కోసం సయ్యద్ అబ్దుల్ రహీం ఇలాంటి షరతులతో ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ బంద్. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆట. మన దేశం ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో గెలిచిన స్వర్ణాలు రెండే: 1951 ఢిల్లీ, 1962 జకార్తా. రెండింటికీ కోచ్ ఈయనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు సెమీఫైనల్ చేరినప్పుడూ కోచ్ ఈయనే. రహీం గొప్పతనం అనగానే చాలామంది జకార్తా ఫైనల్‌తో మొదలుపెడతారు. నాకైతే ఈ షరతుల దగ్గర మొదలుపెట్టడమే సరైనదనిపిస్తుంది. ఆ ఫైనల్లో ఆయన చేసిన పని కూడా వీటి వరసలోదే.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బీఏ చేశారు, యూనివర్సిటీ జట్టుకు ఆడారు, తర్వాత నగరంలోని లీగు క్లబ్బుల్లో ఆడారు. ఆటగాడిగా ఆయన పేరు హైదరాబాదు దాటి పెద్దగా వినపడలేదు. బతుకుతెరువు బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్, దారుల్ ఉలూమ్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యి, 1963లో కన్ను మూసేదాకా ఆ జట్టును వదల్లేదు.

పంతులుగారు కావడం ఇక్కడ చిన్న విషయం కాదు. "బంతిని ఎక్కువసేపు ఉంచుకోకండిరా" అని వందసార్లు చెప్పినా కుర్రాడు వినడు. చెప్పినంతసేపు తల ఊపి, ఈల వేయగానే మళ్లీ ముగ్గుర్ని దాటాలని చూస్తాడు. పైగా ఆ రోజుల్లో జనం చప్పట్లు కొట్టేది కూడా దానికే. ఉట్టికాళ్లతో బంతిని బొంగరంలా ఆడించేవాడే హీరో. మంచి పంతులుకు తెలిసిన సంగతేమిటంటే, అలవాటు మాటతో పోదు, లెక్క మార్చితే పోతుంది. డ్రిబుల్ చేస్తే బంతి అవతలివాళ్లకు పోతుందన్న షరతు ఉంటే, ఎవడూ ఎవడికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆ షరతు వెనక ఉన్న లెక్క చూడండి. నేలబారుగా గట్టిగా ఇచ్చిన పాస్ 20 మీటర్ల దూరాన్ని ఒకటిన్నర, రెండు సెకన్లలో దాటుతుంది. అదే 20 మీటర్లు బంతిని కాలితో నెట్టుకుంటూ, మధ్యలో ఒక మనిషిని తప్పించుకుని వెళ్లాలంటే నాలుగైదు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్ల తేడాలో అవతలి జట్టులో గోల్‌కు కాపు కాసే బ్యాకులు ఇద్దరు ముగ్గురు వెనక్కి చేరిపోతారు. అంటే దాటినవాడు ఒకణ్ణి దాటి ముగ్గుర్ని ఎదురుగా తెచ్చుకున్నట్టు.

ఇప్పుడు ఎవరైనా తమ గ్రౌండులో ఈ ఆట ఆడించాలనుకుంటే, ఏడుగురికి ఏడుగురు సగం గ్రౌండులో సరిపోతారు. ఒక్కొక్కరికీ రెండు టచ్‌లే, అంటే బంతిని రెండుసార్లే తాకాలి: ఒకసారి ఆపుకోవడం, రెండోసారి ఇచ్చేయడం. మూడోసారి తగిలితే అవతలివాళ్లకు ఫ్రీకిక్. మొదటి రెండు మూడు రోజులు ఆట చాలా వికారంగా ఉంటుంది, కంగారు పడొద్దు. షరతు భయంతో పిల్లలు బంతిని గాల్లోకి బాదేస్తారు. అందుకని మోకాలి ఎత్తు దాటిన పాస్ కూడా ఫౌలే అనాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది. పాస్ ఇచ్చినవాడు పనైపోయిందని అక్కడే నిలబడిపోతాడు. బంతి దొరికినవాడికి ఇవ్వడానికి మనిషి ఉండడు, బంతి పోతుంది, షరతుదే తప్పని అందరూ తిట్టుకుంటారు. తప్పు షరతుది కాదు. ఇచ్చినవాడు కనీసం నాలుగడుగులు పక్కకు కదలాలి, బంతి లేని మూడోవాడు ముందే ఖాళీలోకి పరిగెత్తాలి. గ్రౌండు మరీ చిన్నదైతే బంతి ఊరికే బయటికి పోతుంది, మరీ పెద్దదైతే మీద పడేవాడే ఉండడు కాబట్టి నేర్చుకునేదేమీ ఉండదు. వారం గడిచాక కుర్రాళ్లలో ఒక మార్పు కనిపిస్తుంది, అదే అసలు ఫలితం: బంతి కాలికి రాకముందే తల తిప్పి చుట్టూ చూడటం. రెండు టచ్‌లే ఉన్నప్పుడు బంతి వచ్చాక చూస్తానంటే కుదరదు కదా.

వాటం లేని కాలి సంగతి వేరు. అది బుర్రకు సంబంధించిన లోపం కాదు, ఒంటికి సంబంధించింది. ఎడమకాలితో కొట్టబోయేవాణ్ణి దగ్గర్నుంచి చూస్తే తప్పు కొట్టే కాలిలో ఉండదు, నేల మీద ఆనిన కుడికాలిలో ఉంటుంది. బరువంతా ఆ కాలి మీద నిలబెట్టే అలవాటు లేదు కాబట్టి దాన్ని బంతికి వెనకాల, దూరంగా ఆనిస్తాడు. నడుము వెనక్కి వాలుతుంది, బంతి ఆకాశంలోకి లేస్తుంది. లేదా చీలమండ వదులుగా వేలాడి బొటనవేలు ముందు తగులుతుంది. ఆనే కాలు బంతి పక్కనే, జానెడు దూరంలో, వేళ్లు పాస్ వెళ్లాల్సిన దిక్కుకు ఉండాలి. చీలమండ బిగబట్టి, పాదం లోపలి పక్కతో తోయాలి. గోడకు ఐదారు మీటర్ల దూరంలో నిలబడి రోజుకు పదిహేను నిమిషాలు చేస్తే చాలు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు చేస్తే కాలు నొప్పి తప్ప ఏమీ మిగలదు. రెండు కాళ్లూ పనిచేస్తే ఏమిటి లాభం అంటే, బంతిని వాటమైన కాలి మీదికి మార్చుకోవడానికి పట్టే ఆ అర సెకను మిగులుతుంది. రెండు టచ్‌ల ఆటలో ఆ అర సెకనే ఆస్తి.

ఈ చదువు ఫలితం ముందు సిటీ పోలీస్ జట్టులో కనిపించింది. బొంబాయిలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్ పోలీసులే ఎత్తుకొచ్చారు. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. కలకత్తా పెద్ద క్లబ్బుల రాజ్యం నడుస్తున్న కాలంలో ఇది మామూలు సంగతి కాదు. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీలో కూడా హైదరాబాద్ 1956-57, 1957-58లో వరసగా గెలిచింది. అప్పటికే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, ఫుట్‌బాల్లో మాత్రం హైదరాబాద్ పేరే నడిచింది.

జాతీయ జట్టుతో రహీం మొదటి పెద్ద గెలుపు 1951 మార్చిలో, ఢిల్లీలో. ఇండోనేషియా మీద 3-0, అఫ్ఘానిస్తాన్ మీద 3-0, ఫైనల్లో ఇరాన్ మీద 1-0. గోల్ సాహు మేవాలాల్‌ది, కెప్టెన్ శైలెన్ మన్నా. ఆ సంబరం పదహారు నెలలే. 1952 జూలైలో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1 తేడాతో చితక్కొట్టింది. ఒక్క బ్రాంకో జెబెక్కే నాలుగు గోల్స్. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు.

ఆ మ్యాచ్ గురించి "మనవాళ్లు ఉట్టికాళ్లతో ఆడారు, అందుకే ఓడారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. చలి, తడి నేల మీద ఉట్టికాలు జారుతుంది, నిజమే. తడిసిన తోలు బంతి బరువెక్కుతుంది, బూటు వేసుకున్నవాడితో కలబడటానికి కాలు జంకుతుంది, అదీ నిజమే. కానీ పది గోల్స్‌కు బూట్లొక్కటే కారణం కాదు. అప్పటికి మనం వెనక ఇద్దరు బ్యాకులు, మధ్యలో ముగ్గురు హాఫులు, ముందు ఐదుగురు ఫార్వర్డుల పాత పద్ధతినే పట్టుకుని ఉన్నాం. యూరప్‌లో ఎప్పుడో నడిమి హాఫ్‌ను వెనక్కి లాగి మూడో బ్యాకుగా మార్చేశారు. ఇద్దరే బ్యాకులున్నప్పుడు ఎదుటి సెంటర్ ఫార్వర్డును ఎవరు పట్టుకోవాలన్నది ప్రతిసారీ తగువే. నడిమి హాఫ్ దాడికి వెళ్లి తిరిగొచ్చేలోగా ఆ ఫార్వర్డుకు గోల్ ముందు పదిహేను గజాల ఖాళీ దొరుకుతుంది. మూడోది, మన దేశంలో అప్పుడు మ్యాచ్ అంటే 70 నిమిషాలు. ఒలింపిక్స్‌లో 90. ఆ చివరి ఇరవై నిమిషాలు మన కాళ్లకు అలవాటే లేదు.

హెల్సింకి తర్వాత మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. రహీం మూడు బ్యాకుల పద్ధతికి జట్టును మార్చారు. చెప్పడానికి ఒక వాక్యమే గానీ, చేసేవాళ్లకు అది నరకం. ఉట్టికాలితో బంతిని వేళ్ల మధ్య పట్టుకున్నట్టు ఆడినవాడికి బూటు వేస్తే బంతి తగిలిన స్పర్శే తెలియదు. మొదట్లో ట్రాపింగ్, అంటే వచ్చిన బంతిని ఆపుకోవడం, మొత్తం పోతుంది, బంతి రెండడుగులు ముందుకు ఎగిరిపోతుంది. అప్పటి బూట్లు చీలమండ దాకా ఉండే గట్టి తోలువి, అడుగున తోలు స్టడ్లు మేకులతో దిగ్గొట్టినవి. అవి అరిగితే మేకు పైకి పొడుచుకొస్తుంది. ఇక్కడ కూడా రహీం చిన్న పాస్‌ల ఆట ఎంతగా పనికొచ్చిందో గమనించాలి. డ్రిబ్లింగుకు బంతి స్పర్శ వేలి చివర దాకా తెలియాలి. పాదం లోపలి పక్కతో ఇచ్చే పాస్‌కు అంత అక్కర్లేదు. అందుకే హైదరాబాద్ కుర్రాళ్లకు బూట్లలోకి మారడం మిగతావాళ్లంత కష్టం కాలేదని నేననుకుంటాను.

నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్. హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండు ఆడే పనిలేకపోయింది. 1956 డిసెంబర్ 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియా మీద 4-2. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్లో ఒక ఆసియావాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం కూడా మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. 52వ నిమిషంలో నెవిలే గోల్ కొట్టి మనల్ని ముందుకు తీసుకెళ్లాడు. హెల్సింకిలో పది గోల్స్ తిన్న దేశం అదే ప్రత్యర్థి మీద 1-0 ఆధిక్యంలో ఉంది! ఆ తర్వాత 54, 57, 65 నిమిషాల్లో వాళ్లవి మూడు గోల్స్. 78వ నిమిషంలో మన కాలికే తగిలి నాలుగోది. గోల్ కొట్టిన మరుసటి ఐదు నిమిషాలు ఏ జట్టుకైనా అన్నిటికంటే ప్రమాదం. సంబరంలో జట్టు వరసలు ముందుకు జరిగిపోతాయి, హాఫులకూ బ్యాకులకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. పెద్ద జట్లు సరిగ్గా అక్కడే కొడతాయి. కంచు పోరులో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం.

ఆ జట్టులో హైదరాబాద్ వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరాం గురించి చెప్పుకోవాలి. సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టినవాడు, రహీం కళ్లలో పడినవాడు. నాలుగేళ్ల తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది అతనే. రోమ్‌లో మన గ్రూపు చాలా గట్టిది. హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. ఫ్రాన్స్ మ్యాచ్‌లో కెప్టెన్ పి.కె. బెనర్జీ 71వ నిమిషంలో గోల్ కొడితే, వాళ్లు 82వ నిమిషంలో సమం చేశారు. డెబ్బై నిమిషాల దేశానికి ఎనభై రెండో నిమిషం ఎంత బరువో ఈ స్కోరు చూస్తే తెలుస్తుంది. కోచ్ ఒక్కడు ఎంత చేసినా, దేశవాళీ మ్యాచ్ నిడివిని మార్చే అధికారం అతని చేతిలో ఉండదు. క్యాంపు నడిచే కొన్ని వారాల్లో ఊపిరి పెంచవచ్చు గానీ, ఏళ్ల అలవాటును పూర్తిగా మార్చలేం.

ఇక జకార్తా. 1962. అప్పటికి జట్టు నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఆడుతోంది. వెనక నడుమ జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్ జంట స్టాపర్లు. ముందు పి.కె., చునీ గోస్వామి, బలరాం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0. ఈ లోపల జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. స్టాపర్ పనంతా గాల్లో వచ్చే బంతికి తల అడ్డం పెట్టడమే. కుట్లు పడ్డ తలతో తొంభై నిమిషాలు అది చేయడం కుదరదు. ఏ కోచైనా ఏం చేస్తాడు? బయట కూర్చోబెడతాడు.

రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డుగా దింపారు. ఆలోచిస్తే ఎంత నిక్కచ్చి లెక్కో! స్టాపర్‌కు ప్రతి బంతికీ పైకి లేవక తప్పదు, ఎదుటివాడు ఎంచుకున్న బంతికి తను లేవాలి. ఫార్వర్డుకు ఏ బంతికి లేవాలో తనే ఎంచుకునే వీలుంటుంది. జర్నైల్ ఒడ్డూపొడుగూ ఉన్నవాడు, భుజం పెడితే ఇద్దరు బ్యాకులు పక్కకు పోవాల్సిందే. పైగా ఏళ్లతరబడి ఫార్వర్డుల్ని ఆపినవాడికి, బ్యాకుకు ఏది కష్టమో చెప్పాల్సిన పనిలేదు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. చునీవి రెండు, జర్నైల్‌ది ఒకటి. కుడికాలు తీసేసి ఎడమకాలితో ఆడమన్న పంతులే ఇక్కడా కనిపిస్తాడు. ఒకటి లేకుండా పోయిందంటే, ఉన్నదానితో ఆడటం నేర్పేవాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియాతో. సెనయన్ స్టేడియంలో లక్షకు దగ్గరగా జనం, దాదాపు అందరూ మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్‌కూ తైవాన్‌కూ ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడంతో, ఇవి ఏషియన్ గేమ్సే కావన్నట్టు ఏషియన్ గేమ్స్ సమాఖ్యలో ఉన్న మన జి.డి. సోంధీ అభ్యంతరం లేవదీశారు. ఆ కోపం ఆటగాళ్ల మీద పడింది. మన జాతీయ గీతాన్ని కూడా గోలలో ముంచేశారు. ఇటు గోల్‌కీపర్ సమస్య. ఫ్లూతో మంచాన పడ్డ పీటర్ తంగరాజ్ బదులు అప్పటిదాకా ప్రద్యుత్ బర్మన్ ఆడుతున్నాడు, బాగానే ఆడుతున్నాడు. ఫైనల్‌కు మాత్రం రహీం తంగరాజ్‌నే నిలబెట్టారు. ఆరడుగులు దాటిన మనిషి, హైదరాబాదులో పుట్టినవాడే. కొరియన్లు పక్కల నుంచి ఎత్తుగా బంతులు వేస్తారని మొదటి మ్యాచ్‌లోనే చూశారు కాబట్టి, పొడుగు చేతులు కావాలనుకోవడంలో వింతేమీ లేదు. అయినా జ్వరం నుంచి లేచినవాణ్ణి, బాగా ఆడుతున్నవాడి స్థానంలో, ఫైనల్లో దించడానికి గుండె కావాలి.

వెనక అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్. వాళ్ల ముందు ప్రశాంత సిన్హా, ఫ్రాంకో. హైదరాబాద్ యూసఫ్ ఖాన్ కూడా ఆ పదకొండు మందిలో ఉన్నాడు. 17వ నిమిషంలో పి.కె. గోల్. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్, తలకు కుట్లతోనే. మూడు నిమిషాల్లో రెండు. ఆ తర్వాత అరవై ఐదు నిమిషాలు కొరియా ఎంత తోసినా తలుపు తెరుచుకోలేదు. 85వ నిమిషంలో ఒకటి పడింది, అక్కడితో ఆగింది. 2-1.

ఆ ఫైనల్ నాటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, యాభై మూడేళ్ల వయసులో పోయారు. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉన్నాడు, తర్వాత ఫిఫా రెఫరీ అయ్యాడు, కోచింగూ చేశాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో మనకు చివరిసారి పతకం వచ్చింది 1970లో బ్యాంకాక్‌లో. కంచు పోరులో జపాన్ మీద 1-0. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాద్ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. తర్వాత కాలంలో అతనూ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు.